కొవ్వు కోడిదా... వంశానిదా?

ఆదివారం ఆరా

ఆదివారం పొద్దున్నే ఏ చికెన్ సెంటర్‌కు వెళ్లినా బోర్డు మీద మూడు ధరలుంటాయి. లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్. మనలో చాలామంది స్కిన్‌లెస్ అంటాం. కత్తి రెండు నిమిషాలు ఆడుతుంది. ఈకలు, తోలు, పేగులు... వాటితో పాటు పొట్ట అడుగు నుంచి లాగిన ఓ పసుపుపచ్చటి ముద్ద కూడా పక్కనున్న డ్రమ్ములోకి పోతుంది. ఆ ముద్ద వంక ఎవరూ చూడరు. కొవ్వే కదా, పోతే పోనీ అనుకుంటాం.

పారేసే ఆ ముద్ద కోసం ఫ్రాన్స్ నుంచి చైనా దాకా శాస్త్రవేత్తలు యాభై ఏళ్లుగా కుస్తీ పడుతున్నారంటే ఆశ్చర్యంగా లేదూ! అంతేకాదు, జనగామ జిల్లా నర్మెట్ట లాంటి చోట అప్పు చేసి కోళ్ల షెడ్డు వేసుకున్న రైతుకు బ్యాచ్ అయ్యాక చేతికి ఎంత వస్తుందన్నదీ కొంతవరకు ఆ ముద్ద మీదే ఆధారపడి ఉంది. ఆ లెక్కేమిటో ఈ వారం చూద్దాం.

డ్రమ్ములో పోయేదెంత?

ఇవాళ్టి బ్రాయిలర్ కోడి... మన నోటికి అలవాటైన మాటలో బాయిలర్ కోడి... నలభై రోజులకు అటూ ఇటూగా రెండు కిలోలు తూగుతుంది. దాని ఒంట్లో పొట్ట దగ్గర పేరుకునే కొవ్వు బరువులో రెండు నుంచి మూడు శాతం దాకా ఉంటుంది. రెండు శాతమే అనుకుందాం. రెండు కిలోల కోడిలో 40 గ్రాములు. చిన్న నిమ్మకాయంత. ఇంతేనా అనిపిస్తుంది.

అయిదు వేల కోళ్లున్న షెడ్డు లెక్క తీయండి. 200 కిలోల కొవ్వు! కోడి దాన్ని గాల్లోంచి తెచ్చుకోలేదు. మొక్కజొన్న, సోయా చెక్క కలిపిన దాణా తిని తయారు చేసుకుంది. ఒక గ్రాము కొవ్వులో దాదాపు 9 కేలరీల శక్తి ఉంటుంది. కిలో దాణాలో కోడికి పనికొచ్చే శక్తి 3,000 కేలరీల దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన 200 కిలోల కొవ్వులో దాక్కున్న దాణా సుమారు 600 కిలోలు. యాభై కిలోల బస్తాలు పన్నెండు! కోడి పన్నెండు బస్తాల దాణా తిని, దాన్ని మనం పారేసే ముద్దగా మార్చి పెట్టిందన్నమాట. తోలు కింద, కండల మధ్య ఉన్న కొవ్వు ఇందులో కలపనే లేదు. అంతా కలిపితే కోడి బరువులో పది శాతం పైమాటే.

అదే దాణా కండగా మారితే? కండలో ముప్పాతిక వంతు నీళ్లే. అందుకే కిలో కండ పెరగడానికి పెద్దగా శక్తి అక్కర్లేదు. కిలో కొవ్వు పెరగాలంటే దానికి నాలుగైదు రెట్లు కావాలి. కోళ్ల పెంపకంలో దాణాదే పెద్ద ఖర్చు. కాబట్టి కొవ్వు ఎక్కువ పట్టే కోడి అంటే దాణా ఎక్కువ మింగి తక్కువ మాంసం ఇచ్చే కోడి.

నర్మెట్ట రైతుకు ఇక్కడే చిక్కు. ఇప్పుడు ఎక్కువ షెడ్లు నడిచేది ఇంటిగ్రేషన్ పద్ధతిలో. పిల్లలు కంపెనీవి. దాణా, మందులు కంపెనీవే. షెడ్డు, కరెంటు, నీళ్లు, కింద పరిచే వరి పొట్టు, రాత్రింబవళ్ల చాకిరీ రైతువి. బ్యాచ్ పూర్తయి లారీలో కోళ్లు ఎత్తాక కిలోకు ఇంతని గ్రోయింగ్ చార్జీ ఇస్తారు. ఆ చార్జీ పెరగడానికీ తగ్గడానికీ కొలబద్ద 'ఎఫ్‌సీఆర్'. కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా తిన్నది అన్న లెక్క అది. 1.6 అంటే కిలో కోడికి 1,600 గ్రాముల దాణా. పది టన్నుల కోళ్లు ఎత్తిన షెడ్డులో ఎఫ్‌సీఆర్ 1.6 నుంచి 1.7కు పెరిగితే చాలు... టన్ను దాణా, అంటే ఇరవై బస్తాలు అదనంగా ఖర్చయినట్టు. ఆ భారం రైతు చార్జీలో కనిపిస్తుంది.

మరి ఆ కొవ్వు పట్టడంలో రైతు తప్పెంత? కోడి వంశం తప్పెంత?

ఇంజెక్షన్ల కథ

ముందు అందరింట్లో ఉండే ఓ అనుమానం తీర్చుకుందాం. 'నలభై రోజుల్లో రెండు కిలోలా? హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటారు' అనే మాట ప్రతి పెళ్లి భోజనంలోనూ వినిపిస్తుంది. ఎదుగుదల హార్మోను ఒక ప్రొటీను. దాణాలో కలిపితే పప్పులో ప్రొటీనులాగే అరిగిపోతుంది. పని చేయాలంటే ఒక్కో కోడినీ పట్టుకుని పదేపదే సూది వేయాలి. అయిదు వేల కోళ్ల షెడ్డులో అది జరిగే పనేనా? చేసినా కోడికి పెద్దగా ఫలితం ఉండదని ప్రయోగాల్లో తేలింది.

అసలు సంగతి కెనడాలో జరిగిన ఓ ప్రయోగం చెబుతుంది. అల్బెర్టా విశ్వవిద్యాలయం వారు 1957 నాటి కోళ్ల వంశాన్నీ, 1978 నాటి వంశాన్నీ ఎంపిక ఏదీ చేయకుండా అలాగే కాపాడుకుంటూ వచ్చారు. వాటి పిల్లలను, 2005 నాటి బ్రాయిలర్ పిల్లలను పక్కపక్కనే పెట్టి ఒకే దాణా పెట్టారు. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. 56 రోజులకు 1957 కోడి 905 గ్రాములు. 1978 కోడి 1,808 గ్రాములు. 2005 కోడి 4,202 గ్రాములు! దాణా మారలేదు, ఇంజెక్షన్ లేదు. మారింది వంశం ఒక్కటే.

అలాగని కోళ్ల ఫారాల విషయంలో భయపడాల్సిందేమీ లేదని కాదు. యాంటీబయాటిక్స్ ఇష్టారాజ్యంగా వాడటం నిజమైన సమస్య. కొలిస్టిన్ అనే మందును పశువులకు, కోళ్లకు వాడకుండా మన కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది కూడా. లేని హార్మోను గురించి కంగారుపడుతూ ఉన్న యాంటీబయాటిక్ సంగతి మరచిపోతున్నాం మనం.

గంప కింద పెట్ట... ఒంట్లో మూట

కొవ్వంటే అంత పనికిరానిదైతే ప్రకృతి కోడికి ఎందుకిచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు మన పల్లె ఇళ్లలోనే ఉంది.

పొదుగుకు కూర్చున్న నాటుకోడిని గమనించారా? గంపలో గడ్డి పరిచి గుడ్లు పెడితే 21 రోజులు కదలదు. రోజుకోసారి అలా లేచి నాలుగు గింజలు తిని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ వెళ్లి కూర్చుంటుంది. పిల్లలు బయటికొచ్చేసరికి చేత్తో పట్టుకుంటే ఎండిపోయి తేలిగ్గా ఉంటుంది. ఆ మూడు వారాలూ దాన్ని బతికించింది ముందుగా ఒంట్లో దాచుకున్న కొవ్వే. కోళ్లన్నింటికీ మూలమైన ఎర్ర అడవికోడిలోనూ ఇదే వరస. గింజలు దొరికిన రోజుల్లో మూట కట్టుకోవడం, పొదిగే రోజుల్లో విప్పుకోవడం.

మనిషి ఈ కోడిని మాంసం కోసం ఎంపిక చేయడం మొదలుపెట్టాడు. మందలో తొందరగా బరువు పెరిగేవాటిని తల్లిదండ్రులుగా ఉంచుకున్నాడు. తొందరగా పెరిగేది ఎవరు? ఎక్కువ తినేది! అంటే తెలియకుండానే ఆకలిని ఎంపిక చేశాడు. ఆ ఆకలి తరతరానికీ పెరిగింది. కండకు చాలినంత తిన్నాక కూడా కోడి ఆగలేదు. మిగిలింది మూట కట్టుకుంది. పొదిగే పని ఎన్నడూ లేని కోడికి పొదుగు నాటి మూట మిగిలిపోయింది.

మనుషుల్లో కొవ్వు పెరిగితే ఆ కణాలే 'ఇక చాలు' అని మెదడుకు కబురు పంపుతాయి. లెప్టిన్ అనే హార్మోను ఆ పని చేస్తుంది. కోడిలో ఈ లెప్టిన్ జన్యువు ఎక్కడుందో చాలా ఏళ్లు దొరకనే లేదు. 2010ల్లో దొరికాక చూస్తే, మనలోలాగా కొవ్వులోంచి కబురు పంపే పని దానిది కాదని తెలిసింది. కోడి ఒంటి లెక్క వేరు.

ఇంకో తేడా కూడా ఉంది. పందిలో కొవ్వు తయారయ్యేది కొవ్వు కణాల్లోనే. కోడిలో మాత్రం కాలేయంలో తయారవుతుంది. దాణాలోని పిండి పదార్థాన్ని కాలేయం కొవ్వుగా వండి, వీఎల్‌డీఎల్ అనే చిన్న చిన్న పొట్లాలుగా కట్టి రక్తంలోకి పంపిస్తుంది. పొట్ట దగ్గర, తోలు కింద ఉన్న కణాలు ఆ పొట్లాలు విప్పుకుని దాచుకుంటాయి. చికిత్సలోనో పరీక్షలోనో మన రిపోర్టుల్లో వీఎల్‌డీఎల్ అని చూస్తుంటామే, అదే పేరు. కోడి రక్తంలో ఈ పొట్లాలు ఎన్నున్నాయో చూస్తే కోయకుండానే అది లావెక్కే రకమో కాదో అంచనా కట్టొచ్చు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 1980ల్లో ఈ కిటుకుతోనే కోళ్లను ఎంపిక చేసి చూపించారు.

లావు వంశం, సన్న వంశం

'మా ఇంట్లో అందరం లావే, మా నాయనమ్మ పోలిక' అంటుంటారు కొందరు. కోళ్లలో ఆ మాట ఎంత నిజమో తేల్చడానికి ఫ్రాన్స్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో లెక్లెర్క్, ఆయన సహచరులు 1970ల్లో ఓ పని మొదలుపెట్టారు. ఒకే మందను రెండుగా చీల్చారు. ఒక వైపు పొట్టలో కొవ్వు ఎక్కువున్న కుటుంబాల కోళ్లను, మరోవైపు తక్కువున్న కుటుంబాల కోళ్లను తల్లిదండ్రులుగా ఉంచుకుంటూ పోయారు. బతికున్న కోడి పొట్టలో కొవ్వు తూచలేరు కదా! అందుకని తోబుట్టువులను కోసి చూసి, మిగిలినవాటిని ఉంచాలో తీసేయాలో నిర్ణయించారు. కొన్ని తరాలయ్యేసరికి రెండు వంశాలూ వేరైపోయాయి. తూకం వేస్తే బరువు దాదాపు ఒకటే. కోసి చూస్తే ఒక దాంట్లో కొవ్వు ముద్ద రెండో దానికి కొన్ని రెట్లు.

చైనాలో హార్బిన్‌లోని ఈశాన్య వ్యవసాయ విశ్వవిద్యాలయం 1996 నుంచి ఇలాంటి పనే చేస్తోంది. అక్కడ పొట్ట కొవ్వుతో పాటు రక్తంలోని వీఎల్‌డీఎల్‌నూ చూస్తూ రెండు వంశాలను నడిపిస్తున్నారు. అక్కడా అదే ఫలితం.

ఇలాంటి ప్రయోగాల సారం ఒక అంకెలో చెప్పుకోవచ్చు. ఒకే షెడ్డులో, ఒకే దాణా తిన్న కోళ్ల మధ్య పొట్ట కొవ్వులో కనిపించే తేడాల్లో సగానికి పైగా, కొన్ని లెక్కల్లో ముప్పాతిక వంతు దాకా, జన్యువుల వల్ల వచ్చేవే. మిగతాది దాణా, వేడి, పెంపకం. పశువుల్లో ఇంత గట్టిగా వంశాన్ని పట్టుకుని వచ్చే లక్షణాలు తక్కువే. గుడ్ల సంఖ్యలో వంశం వాటా దీనికంటే బాగా తక్కువ.

'అయితే ఆ కొవ్వు జన్యువేదో పట్టుకుని తీసేస్తే పోలా?' అనిపిస్తుంది. ఒక్కటైతే తీసేద్దురు. 2004 డిసెంబరులో ఎర్ర అడవికోడి జన్యుపటం మొత్తం అచ్చయింది. మనిషి జన్యుపటంలో 300 కోట్ల అక్షరాలుంటే కోడిది సుమారు 100 కోట్లు. ఆ పటం చేతికొచ్చాక వెదికితే కొవ్వుకు సంబంధించిన చోట్లు చాలా క్రోమోజోముల మీద చెల్లాచెదురుగా కనిపించాయి. ఒక్కో దాని ప్రభావం చిటికెడు. అన్నీ కలిస్తేనే ముద్ద. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక్క మాటలో చెప్పేస్తాం. మసాలా కుదరకపోతే తప్పు లవంగానిదో, యాలకులదో చెప్పలేం. ఇదీ అంతే.

అయినా కొన్ని ఆనవాళ్లు దొరికాయి. స్వీడన్ శాస్త్రవేత్తల నాయకత్వంలో 2010లో అచ్చయిన అధ్యయనంలో మాంసం కోళ్లన్నింటిలోనూ టీబీసీ1డీ1 అనే జన్యువు దగ్గర మనిషి ఎంపిక ముద్ర స్పష్టంగా కనిపించింది. ఎలుకల్లో ఇదే జన్యువు చెడితే ఎంత కొవ్వు తిండి పెట్టినా లావెక్కవు. కోళ్లను పెంచినవాళ్లకు జన్యువు పేరు తెలియదు. అయినా వాళ్ల ఎంపిక దాన్ని వెదికి పట్టుకుంది!

పత్తి గింజలాగే

నర్మెట్ట రైతు ఈ సంగతులన్నీ తెలుసుకుని 'నాకు కొవ్వు తక్కువ పట్టే పిల్లల్నే ఇవ్వండి' అని అడగగలడా? అడగలేడు. బ్రాయిలర్ పిల్ల తయారయ్యే పద్ధతే అలాంటిది.

హైబ్రిడ్ పత్తి గింజ సంగతి ఆ ప్రాంత రైతులకు కొత్తేమీ కాదు. ఏటా కొనాల్సిందే. పండిన గింజ దాచి మళ్లీ విత్తితే ఆ గుణం రాదు. బ్రాయిలర్ కూడా అంతే. అన్నిటికంటే పైన శుద్ధ వంశాలుంటాయి. వాటి కింద ముత్తాతలు, తాతలు, తల్లిదండ్రులు. నాలుగు వేర్వేరు వంశాలను కలుపుతూ దిగి వస్తే చివరికి షెడ్డులో అడుగుపెట్టే పిల్ల. దాన్ని ఉంచుకుని గుడ్లు పెట్టించినా దాని పిల్లలకు ఆ ఎదుగుదల నిలవదు.

ఆ శుద్ధ వంశాలు ఎక్కడున్నాయి? ప్రపంచంలోని బ్రాయిలర్ వంశాల్లో అత్యధికం రెండు సంస్థల చేతుల్లోనే ఉన్నాయి. ఒకటి అమెరికాలోని టైసన్ ఫుడ్స్‌కు చెందిన కాబ్. రెండోది జర్మనీలోని ఈడబ్ల్యూ గ్రూపుకు చెందిన ఏవియాజెన్. మన దేశంలో ఈ పరిశ్రమకు పునాది వేసినవారిలో ముందుగా చెప్పుకోవాల్సింది మన తెలుగువాడైన డాక్టర్ బి.వి.రావునే. 1971లో పుణే కేంద్రంగా వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. 'వెన్‌కాబ్' అని ఊరూరా వినిపించే పేరు ఆ సంస్థా, కాబ్ సంస్థా కలిసిన ఫలమే.

1970ల తర్వాత ఈ కంపెనీలు బరువుతో పాటు ఎఫ్‌సీఆర్ కూడా చూసి కోళ్లను ఎంపిక చేయడం మొదలుపెట్టాయి. తక్కువ దాణాతో బరువు పెరిగే కోడి అంటే కొవ్వు తక్కువున్న కోడే అని ముందు చెప్పుకున్నాం కదా! అలా కొవ్వు దానంతటదే తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు సీటీ స్కాన్లు, జన్యు పరీక్షలు కూడా తోడయ్యాయి. ఇవాళ్టి బ్రాయిలర్‌లో కొవ్వు శాతం ముప్ఫై నలభై ఏళ్ల కిందటి బ్రాయిలర్ కంటే తక్కువ. ఫారం కోడి అంటేనే కొవ్వు అనే మాట పాతబడింది.

దీనికి ధర చెల్లించింది మాత్రం కోడే. తల్లిదండ్రుల కోళ్లకు కడుపునిండా పెడితే విపరీతంగా లావెక్కి గుడ్లు పెట్టవు, తొందరగా చస్తాయి. అందుకని ఎదిగే వయసులో అవి తినగలిగిన దాంట్లో సగం కంటే తక్కువే పెడతారు. పిల్ల ఆకలిని ఎంపిక చేసుకుని, తల్లిని ఆకలితో ఉంచడం... కోళ్ల సంక్షేమం గురించి మాట్లాడేవాళ్లు మొట్టమొదట వేలెత్తి చూపేది దీన్నే. మరోపక్క గత పదిహేనేళ్లుగా రొమ్ము కండలో తెల్ల గీతలు కనిపించే కోళ్లు చాలా దేశాల్లో పెరిగాయి. మరీ వేగంగా పెరిగిన కండలో పోగులు దెబ్బతిని, ఆ ఖాళీల్లో కొవ్వు చేరడం వల్ల వచ్చే గీతలవి. పొట్ట దగ్గర తగ్గించిన కొవ్వు ఇంకోచోట తలుపు తట్టిందన్నమాట.

రైతు చేతిలో ఉన్నదెంత?

సగానికి పైగా వంశానిదైతే, మిగిలిన వాటా షెడ్డులోనే ఉంది. అందులో మొదటిది ఎండ. జనగామ వైపు ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వేడికి కోడి తిండి తగ్గిస్తుంది, ఎదుగుదల మందగిస్తుంది. చిత్రమేమిటంటే ఆ తక్కువ తిండిలోనూ కండ వాటా తగ్గి కొవ్వు వాటా పెరుగుతుంది. అంటే రైతుకు రెండు దెబ్బలు. బరువు రాదు, ఎఫ్‌సీఆర్ పెరుగుతుంది. కొన్ని కోళ్లు చస్తే అది మూడో దెబ్బ.

అందుకే రేకుల మీద గడ్డి పరచడం, పైన స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లడం, పక్కలకు తడి గోనె పట్టాలు కట్టడం, ఎండెక్కిన వేళల్లో దాణా ఆపి తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక పెట్టడం లాంటివి ఉత్త చాదస్తాలు కావు. ఒక్కోటి ఎఫ్‌సీఆర్ లెక్కలో కలుస్తుంది.

రెండోది దాణా. శక్తికి తగ్గ ప్రొటీను లేకపోతే కోడి శక్తిని కొవ్వుగా దాచుకుంటుంది. మొక్కజొన్న పాలు ఎక్కువై సోయా తగ్గినా, లైసిన్, మిథియోనిన్ లాంటి అమైనో ఆమ్లాలు తగ్గినా పొట్టలో ముద్ద పెరుగుతుంది. అయితే ఇంటిగ్రేషన్‌లో దాణా రైతు కలిపేది కాదు, బస్తాలో వచ్చేది. మూడోది వయసు. లారీ రావడం ఆలస్యమై కోళ్లు నాలుగు రోజులు ఎక్కువ ఉంటే, ఆ నాలుగు రోజుల్లో తిన్నదాంట్లో కొవ్వుకు పోయేది ఎక్కువ. పెట్టలకు పుంజుల కంటే ఎక్కువ కొవ్వు పడుతుంది కాబట్టి వాటికి ఈ ఆలస్యం ఇంకా చేటు. లారీ ఎప్పుడు వస్తుందో నిర్ణయించేదీ రైతు కాదు.

లెక్క ఇలా తేలుతోంది. వంశం రైతు చేతిలో లేదు, దాణా లేదు, ఎత్తే రోజు లేదు. ఎండ నుంచి కాపాడటం, నీళ్లు, పొట్టు, శుభ్రత... ఇవే అతని చేతిలో ఉన్నవి. చార్జీ మాత్రం అన్నీ కలిసిన ఎఫ్‌సీఆర్ మీద కడతారు. గ్రోయింగ్ చార్జీ పెంచమని రైతులు అడిగినప్పుడల్లా మనం దాన్ని ధరల గొడవగానే చూస్తాం. పిల్ల ఏ రకం, ఏ రోజు పొదిగింది, దాణాలో ప్రొటీను ఎంత, ఎత్తడం ఎన్ని రోజులు ఆలస్యమైంది అన్నవి కాగితం మీద రైతుకు రాసివ్వాలన్నది కూడా అంతే న్యాయమైన కోరిక. తన చేతిలో లేనివాటికి తాను కోత పడకుండా ఉండాలంటే ముందు అవి తెలియాలి కదా!

రాజేంద్రనగర్‌లో మరో దారి

నర్మెట్ట నుంచి నూరు కిలోమీటర్లు దాటి వెళ్తే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద 1988లో మొదలైన సంస్థ ఇది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి పెరటికోళ్లు ఇక్కడివే. రంగురంగుల మాంసం కోడి కృషిబ్రో కూడా ఇక్కడిదే. మన పందెం కోళ్ల జాతి అసీల్‌ను కూడా ఇక్కడ కాపాడుతూ మెరుగుపరుస్తున్నారు.

వీళ్లు పని చేస్తున్న వాటిలో బోడమెడ కోడి మన ఎండలకు బాగా పనికొచ్చేది. దాని మెడ మీద ఈకలుండవు. ఒకే ఒక్క జన్యువు చేసే మాయ అది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచి వస్తే ఒంటి మీద ఈకలు అయిదో వంతు దాకా, ఇద్దరి నుంచీ వస్తే అయిదింట రెండు వంతుల దాకా తగ్గుతాయి. ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఎండల్లోనూ తింటుంది, పెరుగుతుంది. ఈకలకు పోయే ప్రొటీను కండకు మిగులుతుంది. చూడటానికి అందం లేదని మనం ముఖం తిప్పుకునే కోడి మండుటెండలో మాత్రం మిగతావాటి కంటే నయం.

ప్రయోగశాలలో ఇంకా ముందుకు వెళ్లారు. కండ ఎదుగుదలకు కళ్లెం వేసే మయోస్టాటిన్ జన్యువు నోరు నొక్కేస్తే కోడి బరువు పెరుగుతుందని రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ ఫలితం 2017లో అచ్చయింది. కాలేయంలో కొవ్వు తయారుచేసే ఎంజైముల జన్యువుల మీదా పరిశోధన చేశారు. ఇవన్నీ ప్రయోగశాల గడప దాటి మన చికెన్ సెంటర్‌కు వచ్చినవి కావు. మనం తింటున్న కోడి పాత పద్ధతి ఎంపికతో వచ్చినదే.

నాటుకోడికి కొవ్వు లేదా?

నాటుకోడి అంటే కొవ్వు లేని కోడి అని మనకో నమ్మకం. వయసులో ఉన్న పుంజు విషయంలో అది నిజమే. పొద్దంతా తిరిగి, గీరుకుని, పురుగూ గింజా ఏరుకుని తింటుంది. మూట కట్టుకునేంత మిగలదు. ఏడాది దాటిన గుడ్ల పెట్టను కోసి చూడండి... పచ్చసొనల గుత్తి చుట్టూ చిక్కటి పసుపు కొవ్వు కనిపిస్తుంది. వచ్చే పొదుగుకు కట్టుకున్న మూట అది.

నాటుకోడి రుచికి కారణం కొవ్వు ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటు. ఆరేడు నెలలు తిరిగిన కోడి కండ ముదురుతుంది, అందులో పీచు గట్టిపడుతుంది. అందుకే ఎక్కువసేపు ఉడకాలి, అందుకే పులుసు చిక్కబడుతుంది. నలభై రోజుల బ్రాయిలర్ ఇంకా పిల్లే. మెత్తగా ఉండక ఏం చేస్తుంది?

మరి ఆ పసుపు రంగు? కొవ్వుకు రంగు మొక్కజొన్న, ఆకుకూరల నుంచి వస్తుంది. నూకలు తిన్న కోడి కొవ్వు తెల్లగా ఉంటుంది. తోలు పసుపుగా ఉండటానికి మాత్రం జన్యువు కావాలి. ఆ జన్యువు ఎర్ర అడవికోడిది కాదనీ, మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిద రంగు అడవికోడి నుంచి వచ్చిందనీ 2008లో తేలింది. అమెరికాలో అమ్మే పసుపు తోలు కోడిలోనూ మన అడవి వాటా ఉంది!

ఇంట్లో నాలుగు వనరాజా కోళ్లు పెంచుకునే అమ్మలకు ఒక్క మాట. ముద్దుగా ఉన్నాయని దోసెడు ఎక్కువ గింజలు వేయకండి. పెరట్లో తిరిగి తినేదానికి తోడు గింజలు ఎక్కువైతే పెట్టలు లావెక్కి గుడ్లు తగ్గిస్తాయి. తల్లి కోళ్లకు కంపెనీలు దాణా కట్టడి చేసేదీ ఇందుకే.

మన కంచంలో

తోలు తీసిన కోడి రొమ్ము మాంసంలో 100 గ్రాములకు కొవ్వు రెండు మూడు గ్రాములే. తొడలో కొంచెం ఎక్కువ, నాలుగు గ్రాముల దరిదాపు. ఒట్టి తోలులో మాత్రం 30 గ్రాములకు పైనే. అంటే పొట్టలో ముద్ద, తోలు తీసేస్తే కోడి కొవ్వులో పెద్ద వాటా పోయినట్టే. ఆ పైన మనం గరిటెలతో పోసే నూనె కోడి ఖాతాలో వేయకూడదు. వేపుడు చేసి, 'చికెన్ తింటే కొలెస్ట్రాల్' అంటే కోడి ఏం చెబుతుంది?

కొట్లో ముక్కలు కొట్టించేటప్పుడు తోక దగ్గర, పొట్ట లోపలి వైపు, మెడ దగ్గర మిగిలిన పసుపు ముక్కలను తీసేయమని అడగండి. గుండె జబ్బున్నవాళ్లు రొమ్ము ముక్కలు ఏరుకోవచ్చు. ఎదిగే పిల్లలకు తొడ ముక్కలు పెట్టడానికి భయపడక్కర్లేదు.

లైవ్ రెండు కిలోల కోడి కొంటే స్కిన్‌లెస్ అయ్యేసరికి చేతికొచ్చేది కిలో మూడు వందల గ్రాముల దరిదాపు. మిగిలిన ఏడు వందల గ్రాములకు కూడా ఎక్కడో ఒక చేను మొక్కజొన్న పండించింది, ఎవరో ఒక రైతు రాత్రి లేచి షెడ్డులో లైట్లు, నీళ్లు చూశాడు. డ్రమ్ములోకి పోయే ముద్ద ఇంకాస్త చిన్నదైతే ఆ ఇద్దరి కష్టం కాస్త కలిసొస్తుంది. కంపెనీ ఎంపిక చేసే వంశం, రాజేంద్రనగర్ కాపాడే వంశం, ఎండలో తడి గోనెలు కట్టే రైతు... ముగ్గురూ ఆ ముద్ద సైజును నిర్ణయిస్తారు. ఆ ముగ్గురిలో ఇప్పటిదాకా కోత పడుతున్నది మూడో మనిషికే.